అద్దాల బీరువాలో ఎండ

నన్ను దయావతి అని పిలిచేవాళ్ళు నర్సీపట్నంలో ఎవరూ మిగల్లేదు. అందరికీ సిస్టరమ్మనే. నా సర్వీసంతా ఆపరేషన్ థియేటర్లోనే గడిచిపోయింది. అక్కడ మనుషులు నాతో మాట్లాడేది మత్తెక్కే ముందు రెండు ముక్కలు, మత్తు దిగాక మూలుగులు. పేర్లు కూడా గుర్తుపెట్టుకునేదాన్ని కాదు. ఒకాయన హెర్నియా, ఒకావిడ గర్భసంచీ, ఒకడు అపెండిసైటిస్. కుట్లు విప్పాక వాళ్ళు ఇంటికెళ్తుంటే వరండాలో నిలబడి చూసేదాన్ని. ఒక్కరూ వెనక్కి తిరిగేవారు కాదు. అదే మంచిదమ్మా అని కొత్తగా చేరిన నర్సు పిల్లలకి చెప్పేదాన్ని. గేటు దాటినవాళ్ళు వెనక్కి చూస్తే మళ్ళీ మన బల్ల మీదికే వస్తారని బెదిరించేదాన్ని. చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను.

రిటైరైన రోజు దండేశారు, గోడ గడియారం ఇచ్చారు. చెయ్యడానికి పనేటీ లేనిదానికి గడియారం దేనికో ఇచ్చినవాళ్ళకే తెలియాలి. నేనుగా తెచ్చుకున్నది ఒక్కటే, థియేటర్లో కత్తెరలూ ఫోర్సెప్సూ పెట్టుకునే పాత అద్దాల బీరువా. కొత్తది వచ్చిందని దాన్ని వేలంలో పెడితే పాడుకున్నాను. నాలుగు వైపులా అద్దాలు, దుమ్ము చొరబడని తలుపు. ఇంటికి చేర్చాక గాని తట్టలేదు, అందులో పెట్టుకోడానికి నా దగ్గర ఏమీ లేదని. బైబిలూ, రెండు కప్పులూ, ఆ గడియారమూ పెట్టి తలుపేశాను.

వెంకటరత్నమ్మగారింట్లో వెనక వాటా నాది. ముందు వాటాలో ఆవిడా, కాలేజీలో జువాలజీ చెప్పే కొడుకు సూర్యనారాయణమూర్తీ ఉండేవారు. ఆవిడకి మడి, నాకు మొహమాటం. నూతి దగ్గర ఎదురుపడితే ఒక పలకరింపు, అంతే. ఎస్. రాయవరంలో తమ్ముడున్నాడు గాని, వాళ్ళింట్లో ఎవరికైనా జ్వరమొస్తేనే నేను గుర్తొస్తాను. ఆదివారం చర్చికి వెళ్తే బీపీ చూడమని నలుగురు చేతులు చాపేవారు. మిగతా రోజులన్నీ రేడియోతోనే. ఒంటరితనం అంటే ఏటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కూరలో ఉప్పెక్కువైందని అనేవాళ్ళు లేకపోవడం. వండింది చల్లారిపోయినా తినాలని తోచకపోవడం.

ఎనభై మూడులో, వానలు తగ్గుముఖం పట్టాక జరిగిందిది. గొలుగొండ నుంచి బుల్లమ్మ అనే ఆవిడ కట్టెలు తెచ్చి మా వీధిలో అమ్మేది. ఆ పూట జీడిమామిడి కొమ్మల మోపు నా పెరట్లో దింపింది. దింపగానే అందులో ఒక కొమ్మ కదిలినట్టయింది. వంగి చూస్తే ఊసరవెల్లి. ముందుకాలి మీద కత్తి దెబ్బ తగిలి తోలు లేచిపోయింది. బుల్లమ్మ ఛీ అని కర్రెత్తింది. నేను బుల్లమ్మ చెయ్యి పట్టుకున్నాను. దెబ్బ తగిలి వచ్చినదాన్ని నా కళ్ళముందు కొడతానంటే ఊరుకుంటానా? ఉప్పు వేసి మరగబెట్టిన నీళ్ళతో పుండు కడిగి, సన్నటి పీలిక చుట్టి కట్టు కట్టాను. అది నోరు తెరిచి బుస్సుమంది గాని కరవలేదు. అలాంటి పేషెంట్లని చాలామందిని చూసినదాన్నే, నేనూ బెదరలేదు. బుల్లమ్మ నవ్వి నవ్వి, మందుచీటీ కూడా రాసియ్యమంది.

బీరువాలోంచి గడియారాన్ని గెంటేశాను. అరలు ఊడదీసి ఆ జీడిమామిడి కొమ్మనే అందులో నిలబెట్టాను. గాలికి పై చెక్కకి కన్నాలు పెట్టించాను. పుండున్న ఒంటిని దుమ్ముకీ ఈగలకీ దూరంగా మూసిపెట్టాలన్నది థియేటర్ నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠం ప్రకారమే అద్దాల తలుపు బిగించేశాను. బీరువాని తూర్పు కిటికీకి ఆనించాను. ఆ కిటికీకీ అద్దాల రెక్కలే, వీధి పిల్లి దూరకుండా అవి మూసే ఉంచేదాన్ని. పొద్దున్నే ఎండ రెండద్దాలూ దాటి వచ్చి కొమ్మ నిండా పరుచుకునేది. చలేస్తుందేమోనని పైన ఒక బల్బు కూడా వేలాడదీశాను. ఇంతకంటే మంచి వార్డు ఈ తాలూకాలో ఉండదని నా గర్వం.

దానికి పేరు పెట్టలేదు. అలవాటు లేదు మరి. పేషెంటు అనేదాన్ని. పెరట్లో దోమతెర గుడ్డ పట్టుకుని మిడతల వెంట పరిగెత్తేదాన్ని. వెంకటరత్నమ్మగారు గోడ మీంచి చూసి, సిస్టరుగారికి మతి చలించిందని అనుకుని ఉంటారు. ఆవిడ బాధ ఆవిడది. బల్లి తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఒక ఫలం అని పంచాంగంలో ఉందిట గాని, ఊసరవెల్లిని ఇంట్లో పెట్టుకుంటే ఏ ఫలమో ఎక్కడా లేదుట. లేదు కాబట్టి తప్పకుండా చెడ్డదే అయ్యుంటుందని కొడుకు చేత కబురు పంపించారు. పంచాంగంలో లేనిదానికి నేను జవాబుదారీ కాదని నేనూ కబురు పంపించాను.

దాని కళ్ళ గురించి చెప్పాలి. మన కళ్ళలా రెండూ ఒక చోటికే తిరగవు. ఒకటి ముందుకి చూస్తుంటే ఇంకోటి వెనక్కి చూస్తుంది. ఒక కన్ను మిడత మీద, ఒక కన్ను నా మీద. నేను స్టవ్వు దగ్గరకి వెళ్తే ఆ కన్ను నాతోపాటు వచ్చేది. బట్టలు మడత పెడుతుంటే అక్కడికి వచ్చేది. నవ్వుకుంటే నవ్వుకోండి గాని, ఆ ఇంట్లో నేను ఎక్కడున్నానో చూసే కన్ను ఒకటి ఉందంటే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. మాట్లాడ్డం మొదలుపెట్టాను. ఇవాళ పప్పు మాడిందని చెప్పేదాన్ని. ఫలానా సర్జనుగారికి కోపం వస్తే గ్లౌజులు ఎలా విసిరేవారో చెప్పేదాన్ని. వేడన్నం తినడం మళ్ళీ అలవాటైంది.

కాలి పుండు మానింది. అది మానాక అసలు జబ్బు బయటపడింది.

ముందు నాలుక గురి తప్పింది. ఎదురుగా కూర్చున్న మిడతని కొట్టబోయి పక్కనున్న ఆకుని కొట్టేది. తరవాత కొమ్మని పట్టుకోలేక జారిపోయేది. కాళ్ళు వంకర తిరిగాయి. ఒకరోజు నీళ్ళు పట్టాలని కింది దవడ పట్టుకుంటే వేలికింద రబ్బరులా వంగింది. ఆ మెత్తదనం నాకు తెలుసు. చీకటి గదుల్లో పెరిగిన పసిపిల్లల ఎముకలు అలాగే ఉంటాయి. నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టండమ్మా అని ఎంతమంది తల్లుల్ని కసిరానో లెక్కలేదు. మరి దీనికేం తక్కువ? కళ్ళముందే ఎండ పడుతోంది కదా. కాల్షియం మాత్ర నూరి మిడతలకి అద్ది పెట్టాను. బల్బు తీసి పెద్ద బల్బు వేశాను. ట్యూబ్‌లైటు కూడా పెట్టించాను. గదంతా పెళ్ళిపందిరిలా వెలిగింది, పేషెంటు మాత్రం రోజురోజుకీ ఎండిన బీరపాదు రంగుకి తిరిగింది.

మొహమాటం చంపుకుని సూర్యనారాయణమూర్తిని పిలిచాను. అతను మంచివాడే, తల్లి కళ్ళు తప్పించుకుని వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. అద్దం మీద వేలితో తట్టాడు. కిటికీ అద్దం మీద కూడా తట్టాడు.

"సిస్టరుగారూ, ఈ అద్దాల్లోంచి వచ్చేది వెలుతురేనండీ. ఎండ కాదు."

ఎముకకి బలమిచ్చే కిరణమేదో ఉందిట. అతినీలలోహితం అని దాని పేరు. కంటికి కనపడదుట. అద్దం దాన్ని పట్టి ఆపేస్తుందిట. బల్బుల్లోనూ ట్యూబ్‌లైట్లలోనూ అది ఉండనే ఉండదుట. విని నేను మంచం మీద కూలబడ్డాను. తళతళా తుడిచి మరీ పెట్టాను ఆ అద్దాల్ని. రోజూ స్పిరిటు వేసి తుడిచేదాన్ని.

బయట ఎండలో పెట్టొచ్చు కదా అని మీరంటారు. అతనూ అదే అన్నాడు. కాకులున్నాయన్నాను. పిల్లులున్నాయన్నాను. పొద్దున్నే మంచు కురుస్తుందన్నాను. అన్నీ నిజాలే గాని, అసలు నిజం వేరే. బయట పెడితే అది వెళ్ళిపోతుందని నా భయం. చస్తే పోతుంది, బతికితే పోతుంది, రెండిట్లో దేనికీ నేను సిద్ధంగా లేను. మళ్ళీ ఆ గదిలో నేనూ రేడియో మిగిలే రోజు తలుచుకోడానికి కూడా ఇష్టపడేదాన్ని కాదు. అందుకని ఆ కిరణాన్నే గదిలోకి తెచ్చే దీపం ఏదైనా ఉందా అని అడిగాను. అతను, మీ థియేటర్లో అలాంటిది ఉంటుంది కదండీ అన్నాడు.

ఉంటుంది. ఎందుకుండదు? ఆపరేషన్లు లేని వేళ క్రిములు చావడానికి థియేటర్లో వెలిగించే దీపం అది. పేరు అదే, అతినీలలోహితం. దాన్ని వెలిగిస్తే లోపల మనిషన్నవాళ్ళు ఉండకూడదు. అందుకే స్విచ్చు తలుపు బయట పెట్టారు. ఒకసారి ఆయా సోమలమ్మ బకెట్టు మర్చిపోయానని లోపలికెళ్ళి, కళ్ళలో కారం కొట్టినట్టుందని రాత్రంతా ఏడ్చింది. అది గుర్తుండబట్టే నాకు అనుమానం వచ్చింది. అయినా పేరొకటే కదా, గుడ్డ అడ్డం పెట్టో, దూరం జరిపో చూడొచ్చు, ముందు తెప్పించి తరవాత సూర్యనారాయణమూర్తిని అడుగుదాం అనుకున్నాను.

ప్రేమరాజు ఆస్పత్రిలో వైరింగు పని చూసేవాడు, చర్చిలో తబలా కొట్టేవాడు. పాతబడి తీసేసిన దీపం ఒకటి స్టోర్లో ఉంటే, అడిగి అనుమతి తీసుకుని పట్టుకొచ్చాడు. అప్పటికి క్రిస్మస్ దగ్గరపడింది. ఎక్కడ పెట్టమంటారని అడిగితే, బీరువా పై చెక్కకి బిగించమని చెప్పాను. నేను చెప్పేదాకా వెలిగించకు అని కూడా చెప్పాను. అతనికి కాఫీ పెడదామని స్టవ్వు దగ్గరకి వెళ్ళాను.

ఇక్కడ ఒక సంగతి నాకు తట్టలేదు. ప్రేమరాజు ఆ దీపాన్ని ఎన్నోసార్లు మార్చాడు గాని, వెలగ్గా ఎప్పుడూ చూడలేదు. థియేటర్లో కరెంటు తీసేసి పనిచేసి, బయటికొచ్చి, తలుపు మూశాక స్విచ్చు వేసేవాడు. లోపల వెలిగిందో లేదో నర్సులం తలుపు సందులోంచి చూసి సరే అనేవాళ్ళం. నా గదిలో అలా స్విచ్చు బయట ఉండే తలుపెక్కడిది, సందెక్కడిది. స్విచ్చు బీరువా పక్కనే ఉంది. బిగించాక వెలుగుతోందో లేదో చూడని ఎలక్ట్రీషియన్ని నేనింతవరకూ చూడలేదు. అతనూ వేశాడు.

నేను కాఫీ గ్లాసుతో వచ్చేసరికి గదంతా లేత నీలం. అద్దాల బీరువా తలుపు బార్లా తెరిచి, మొహం లోపలికి పెట్టి, మెడెత్తి ఆ దీపాన్నే చూస్తున్నాడు. నన్ను చూసి సంబరంగా, ఈ రంగు మన చర్చి నక్షత్రంలో పెడితే ఎంత బాగుంటుందో అన్నాడు. దీపానికి బెత్తెడు కింద నా పేషెంటు కొమ్మకి అతుక్కుని ఉంది, బొగ్గులా నల్లబడిపోయి. ఎంతసేపైందో అతనికీ తెలీదు. గ్లాసు ఎక్కడ పడేశానో నాకు తెలీదు. ప్లగ్గు లాగేసి, ప్రేమరాజుని రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చేశాను. అతను నవ్వుతూనే వచ్చాడు. ఏమీ లేదు సిస్టరుగారండీ, చల్లగా ఉంది అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆ చల్లదనం మర్నాటికి తెలిసింది. పొద్దున్నే భార్య జ్ఞానమణి అతన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. కళ్ళు రెండూ వాచి, నీళ్ళు కారుతూ, వెలుతురు చూడలేక తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. క్రిస్మస్‌కి నక్షత్రం కడతానని నీలం కాగితం కొనిపెట్టాడుట, ఇప్పుడు తనే, బైబిల్లో నక్షత్రం వెంట నడిచిన జ్ఞానుల్లో దారి కనపడనివాడిలా వచ్చాడని జ్ఞానమణి తిట్టింది. తిడుతూనే కంట నీరు పెట్టుకుంది. చల్లనీళ్ళ గుడ్డ కళ్ళకి వేసి, చుక్కల మందు వేసి, చీకటి గదిలో పడుకోబెట్టమని చెప్పి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని నచ్చచెప్పి పంపాను. సోమలమ్మకి తగ్గింది కాబట్టి అతనికీ తగ్గుతుందని తెలుసు. తగ్గింది కూడా.

రెండో పేషెంటు సంగతే నాకు తెలీదు. దాని కళ్ళు రెండు గుండ్రటి బుడిపెల్లా ఉబ్బి మూసుకుపోయాయి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగే ఆ కళ్ళు ఇప్పుడు ఎటూ తిరగలేదు. కళ్ళు లేకపోతే మిడతనెలా కొడుతుంది? పెన్ను ఇంకు పోసే ఫిల్లరుతో చుక్క చుక్కగా నీళ్ళు పట్టాను. మిడతని నూరి, మాత్ర పొడి కలిపి, ఆ మెత్తటి దవడ తెరిచి చీపురుపుల్లతో పెట్టాను. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేశాను. ఆ చీకట్లో దాని పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. మనుషుల కోసం చాలాసార్లు చేశాను గాని, అంత స్వార్థంగా ఎప్పుడూ చెయ్యలేదు. తండ్రీ, దీన్ని నాకుంచు అన్నాను. దీన్ని బతికించు అని అనలేదు, నాకుంచు అనే అన్నాను.

సూర్యనారాయణమూర్తి తలొంచుకుని వచ్చాడు. లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాడుట. అతినీలలోహితం అంటే ఒక్కటి కాదుట, ఒకే ఇంటిపేరున్న ముగ్గురు అన్నదమ్ములుట. ఒకడు చంపేవాడు, థియేటర్లో క్రిముల్ని చంపేది వాడే, కళ్ళనీ కాల్చేస్తాడు. ఒకడు పెద్దగా దేనికీ పనికిరానివాడు. ఎముకకి బలమిచ్చేవాడు నడిమివాడు. వాడూ శ్రుతి మించితే ప్రమాదమేట. దూరం చూసుకోవాలి, సేపు చూసుకోవాలి, వద్దనుకుంటే ఆ ప్రాణి నీడలోకి తప్పుకునే దారి ఉండాలి. ఆ నడిమివాడి దీపం ఎక్కడ దొరుకుతుందని అడిగాను. విశాఖపట్నంలో తెలిసినవాళ్ళని వాకబు చేశాడుట, ఎవరూ పేరు కూడా వినలేదుట. పై దేశాల్లో జంతుప్రదర్శనశాలల వాళ్ళు ఇంకా ప్రయత్నాలు చేస్తున్నారని పుస్తకంలో ఉందన్నాడు.

"మనకైతే ఆ దీపం ఒకటే ఉందండీ" అని కిటికీ దుప్పటి అంచున కనపడే ఎండ వైపు చూశాడు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక పొద్దున ఎడమ కన్ను సన్నగా తెరుచుకుంది. ఆ చిన్న నల్లచుక్క అటూ ఇటూ వెతికి, నా మీద ఆగింది. నేను ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి. కుడి కన్ను తెరుచుకునేదాకా కూడా ఆగకుండా, కొమ్మతో సహా దాన్ని పెరట్లోకి తీసుకొచ్చాను.

ప్రేమరాజు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, బీరువా అద్దాలన్నీ ఊడదీసి ఇనపజాలీ కొట్టిపెట్టాడు. సగానికి తాటాకు కప్పాడు, ఎండ ఎక్కువైతే నీడకి జరగడానికి. మంచు విడవగానే బీరువాని పెరట్లోకి జరిపేవాళ్ళం. ఎండ ముదరకముందే లోపలికి జరిపేవాళ్ళం. మధ్యలో తలుపు తీసి పేషెంటుని గోరింట చెట్టు మీద వదిలేదాన్ని. నేను ముక్కాలిపీట వేసుకుని, కాకుల కోసం చేత్తో కర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. సర్వీసంతా కిటికీల్లేని గదిలో గడిపినదాన్ని, అన్నేళ్ళ తరవాత పొద్దుటెండ నా వీపు మీద పడింది. వెంకటరత్నమ్మగారు ముందు గోడవతల నుంచి, తరవాత గోడ దగ్గర నుంచి, ఉగాది నాటికి గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడేవారు. ఎడమ పక్క తిరిగితే మంచిదా కుడి పక్క తిరిగితే మంచిదా అని దాని శకునాలు ఆవిడే కనిపెట్టడం మొదలుపెట్టారు. నేను వెక్కిరిస్తే నవ్వేవారు. కబుర్లు అయ్యాక ఆవిడ మడిలోకి వెళ్ళిపోయేవారు, నేను గదిలోకి. గదిలోకి వచ్చాక మళ్ళీ మేమిద్దరమే.

వేసవి వచ్చేసరికి కాళ్ళు గట్టిపడ్డాయి. వంకర పూర్తిగా పోలేదు గాని పట్టు వచ్చింది. నా వేలు పట్టుకుంటే గిల్లినట్టుండేది. దవడ గట్టిపడింది. జానెడు దూరం నుంచి నాలుక విసిరితే మిడత మాయం. ఆకుపచ్చ రంగు తిరిగొచ్చింది, మధ్యలో పసుపు చారలతో. ఇంత అందమైనదని నాకు అప్పటిదాకా తెలీదు.

తొలకరికి ముందు ఒక సాయంత్రం గొలుగొండ కొండల మీద మబ్బు కమ్మింది. అందరూ హమ్మయ్య అన్నారు. నేను అనలేకపోయాను. వానలు పట్టుకుంటే మా దగ్గర వారాల తరబడి సూర్యుడు కనపడడు. సూర్యనారాయణమూర్తిని పిలిచి, ఏదైనా బల్బు, ఏ దేశందైనా, ఎంతైనా, అని అడిగాను. అతను కళ్ళు దించుకుని ముక్కాలిపీట పక్కన నిలబడ్డాడు. ఆ నిలబడ్డం నాకు తెలుసు. థియేటర్ బయట బంధువుల ముందు డాక్టర్లు అలాగే నిలబడేవారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే వేలికింద రబ్బరులా వంగిన ఆ దవడే. ఇంకో వానాకాలం నా గదిలో ఉంటే మళ్ళీ అదే. పెరట్లో వదిలేద్దామంటే, ఊసరవెల్లి కనపడితే రాయెత్తని మనిషి ఈ ఊళ్ళో లేడు. నాకుంచు అని అడిగాను, దేవుడు ఉంచాడు. ఇక ఉంచుకుంటే చంపేది నేనే.

మర్నాడు బుల్లమ్మ కట్టెలతో వస్తే, ఆ జీడిమామిడి తోట ఎక్కడో చూపించమన్నాను. ఆ మరుసటి పొద్దున బకెట్టులో కొమ్మ పెట్టి, పేషెంటుని ఎక్కించి, పైన పల్చటి గుడ్డ కట్టి గొలుగొండ బస్సెక్కాను. కండక్టరు బకెట్టు సీటు కింద పెట్టమంటే కసిరాను. ఒళ్ళోనే పెట్టుకున్నాను. దారి పొడుగునా లోపల నుంచి గుడ్డని గోకుతూనే ఉంది. బుల్లమ్మ రోడ్డు మీద ఎదురొచ్చి, చెరుకు చేలు దాటించి, కొండ మొదట్లో తోటకి తీసుకెళ్ళింది. ఎండ బాగా కాస్తోంది. అద్దం లేదు, జాలీ లేదు.

కొమ్మని చెట్టుకి ఆనించాను. వెంటనే తుర్రుమని పోయుంటే నాకు అంత కష్టమయ్యేది కాదు. ఊసరవెల్లి అలా పోదు. ఒక కాలెత్తి, గాల్లో ఆపి, ముందుకీ వెనక్కీ ఊగి, వెయ్యాలా వద్దా అన్నట్టు ఆలోచించి అప్పుడు వేస్తుంది. మళ్ళీ ఆగుతుంది. ఆ చెట్టు మొదలు నా మోకాలి ఎత్తు దాటడానికే దానికి ఒక యుగం పట్టింది. తరవాత నా నడుం. తరవాత నా భుజం. అంతసేపూ అది నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నా చేతులు కొంగుని పట్టుకుని ఉన్నాయి. ఎంత గట్టిగా పట్టుకున్నానో తరవాత చూసుకుంటే కొంగు చిరిగింది.

బుల్లమ్మకి నా మొహం చూసి జాలేసింది.

"సెయ్యి సాస్తే అందుతాది సిస్టరమ్మా. పట్టీసుకో, ఎల్లిపోదాం."

"వద్దు. ఎక్కనీ" అన్నాను.

ఎక్కింది. నా తల కంటే ఎత్తుకి వెళ్ళి, ఆకుల్లోకి తిరిగే చోట ఇంకోసారి ఆగింది. ఒక కన్ను ముందున్న కొమ్మ మీద ఉంది. రెండోది మెల్లగా తిరిగి, వెనక్కొచ్చి, కిందికి దిగి, నా మీద నిలబడింది. నిన్నే సూస్తంది అంది బుల్లమ్మ. దాని కళ్ళ తీరే అంతే, రాయినైనా అలాగే చూస్తుంది, నన్నేం కాదు అని కసిరాను. తరవాత అది ఆకుల్లోకి వెళ్ళిపోయింది, ఏది ఆకో ఏది అదో నాకు తెలియలేదు.

బుల్లమ్మ ఖాళీ బకెట్టులో జీడిపళ్ళు పోసి ఇచ్చింది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నర్సీపట్నం వచ్చేదాకా ఒకటే మాట తిరిగింది మనసులో. బుల్లమ్మతో అలా అన్నాను గాని, ఇన్నేళ్ళ సర్వీసులో వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నన్ను చూసిన పేషెంటు అదొక్కటే. గేటు దాటినవాళ్ళు వెనక్కి చూస్తే మళ్ళీ వస్తారని పిల్లలకి నేనే కదా చెప్పేదాన్ని. ఆ వానాకాలమంతా కట్టెల మోపు దిగిన ప్రతిసారీ, బుల్లమ్మని ఆగమని, కొమ్మ కొమ్మా నేనే విప్పి చూసుకున్నాను.